చెవులున్న పురుగు

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు నల్లరేగడి చేలల్లో పత్తి ఇప్పుడు పూత మీద, పిందె మీద ఉంది. పగలంతా పంపుల రొద. పొద్దు వాలి ఆ రొద ఆగాక చేనుగట్టు మీద కూర్చుని వినడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఏ కూత ఎటు నుంచి వచ్చింది, ఎంతసేపటికి ఆగింది, దానికి జవాబు ఎవరిచ్చారు అని నోటుపుస్తకంలో రాసుకుంటూ వింటాను. పక్షుల గొంతుల మీదా గబ్బిలాల మీదా పనిచేసే శాస్త్రజ్ఞులు చేసేదీ మొదట్లో ఇదే. ఆ పని మన పత్తికి, మిరపకు ఎంత అవసరమో చెప్పాలని ఈ వారం రాస్తున్నాను.

ముందు పక్షి సంగతి. చేలో అక్కడక్కడా కర్రలు పాతమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతుంటారు. పక్షి స్థావరాలంటారు వాటిని. వాటి మీద ఎక్కువగా వాలేది ఏట్రింత, అదే పసులపోలిగాడు. 1840లలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన టి.సి. జెర్డన్ మన పక్షుల తెలుగు పేర్లు పోగుచేసి తన పుస్తకాల్లో అచ్చువేశాడు. ఈ రెండు పేర్లూ వాటిలో ఉన్నాయి. తెల్లారకముందే, మిగతా పిట్టలు ఇంకా నిద్రలో ఉండగానే ఏట్రింత గొంతు విప్పుతుంది. దీనికి అనుకరణ విద్య కూడా వచ్చు. దుక్కిలో గోరింకలు పురుగులు ఏరుకుంటుంటే తీగ మీద కూర్చుని ఉన్నట్టుండి డేగ కూత కూస్తుంది. గోరింకలు గుప్పున లేస్తాయి. అవి వదిలేసిన పురుగు దీని పాలు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీని దాయాది పక్షి మీద టామ్ ఫ్లవర్ పరిశోధన చేసి 2014లో ప్రచురించాడు. ఎదుటి జంతువు ఒక దొంగ హెచ్చరికను నమ్మడం మానేస్తే ఆ పక్షి వెంటనే వేరే హెచ్చరిక ఎత్తుకుంటుందని తేల్చాడు. కూతలు రికార్డు చేసి, వాటిని తిరిగి వినిపించి, ఎవరు పరుగెత్తారో, ఎవరు కదల్లేదో లెక్కపెట్టి తేల్చిన విషయం అది.

తిరిగి వినిపించే ఆ పద్ధతి మన తెలుగు నేల మీద కూడా పెద్ద పని చేసింది. కలివికోడి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల దగ్గర దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. అది రాత్రి తిరిగే పక్షి, ముళ్ళ పొదల్లో మసులుతుంది, కంటపడడం గగనం. చీకటి పడ్డాక కొద్దిసేపు మాత్రమే కూస్తుంది. తర్వాత పి. జగన్నాథన్ బృందం దాని కూత రికార్డును పొదల దగ్గర వినిపించి, జవాబు వచ్చిన చోట్లను గుర్తించింది. పాదముద్రలు పడేలా మట్టి చదును చేసి కూడా వెతికారు. చెవిని నమ్ముకోకపోతే ఆ పక్షి గురించి మనకు ఇవాళ తెలిసిందాంట్లో సగం తెలిసేది కాదు. ఇక్కడే ఒక మాట. సరదాకి ఫోనులో కూతలు పదేపదే వినిపించి పక్షులను బయటికి రప్పించేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. లేని శత్రువు కోసం ఆ పిట్ట గూడు వదిలి తిరుగుతుంది. అది తప్పు, చేయకండి.

ఇక రాత్రి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, వయసు మీదపడితే అంత కూడా వినపడదు. పురుగులు తినే గబ్బిలాల కూతల్లో ఎక్కువ భాగం ఆ గీతకు పైనే. ఇటలీలో స్పల్లంజాని 1790లలోనే గబ్బిలం చీకట్లో తిరగడానికి కళ్ళు అక్కర్లేదని చూశాడు. చెవులు మూస్తే మాత్రం అన్నిటినీ గుద్దుకుంటుందని కూడా అప్పుడే తేలింది. కారణం తెలియడానికి నూట నలభై ఏళ్ళు పైనే పట్టింది. హార్వర్డ్‌లో పియర్స్ తయారుచేసిన అతిధ్వని యంత్రం ముందు 1938లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి గబ్బిలాలను పెట్టాక గానీ వాటి అరుపులు మనిషికి తెలియలేదు. మన పక్కనే మదురైలో జి. మారిముత్తు, జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ నోయ్‌వైలర్ కలిసి 1987లో ఇంకో వింత చూపించారు. అక్కడి ఒక పెద్ద చెవుల గబ్బిలం కప్ప గెంతిన చప్పుడు పట్టుకుని దాని మీదికి వస్తుంది, కదలని కప్ప జోలికి పోదు.

ఆ అరుపుల్ని మన చెవికి అందే స్థాయికి దించి వినిపించే చేతిపెట్టె ఒకటి నాకు స్నేహితుడు అరువిచ్చాడు. దాని బిరడా నలభై అయిదు కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి పత్తి చేను మీదికి తిప్పితే మొదట ఏమీ ఉండదు. తర్వాత టిక్, టిక్, టిక్ అని నింపాదిగా వస్తుంది. ఇంటి చూరుల్లో ఉండే బుల్లి గబ్బిలం అది, దారి చూసుకుంటోంది. ఉన్నట్టుండి టిక్కులు దగ్గరపడి, ఇంకా దగ్గరపడి, చివరికి చీర చించినట్టు ఒకే ఝర్రుమనే చప్పుడవుతుంది. పురుగును అందుకునే ఆఖరి క్షణంలో అది సెకనుకు నూటయాభై, రెండువందల సార్లు అరుస్తుంది మరి. ఆ ఝర్రు తర్వాత చిన్న విరామం. మళ్ళీ టిక్, టిక్. ఒక్కో ఝర్రు ఒక్కో వేట. ఎన్ని ఝర్రులు వినపడితే ఆ చేను మీద అన్ని వేటలు జరిగినట్టు. ఇంత సులువుగా లెక్కపెట్టగల మేలు వ్యవసాయంలో ఇంకోటి ఉందని నేననుకోను.

వేటాడబడే పురుగు కూడా ఊరికే ఉండదు. పత్తిని, మిరపను తినే శనగపచ్చ పురుగుకు, పొగాకు లద్దె పురుగుకు తల్లులు రాత్రిళ్ళు ఎగురుతూ గుడ్లు పెడతాయి. వాటికి వెనక రెక్క మొదట్లో, ఛాతీ పొట్ట కలిసేచోట చెరో పక్క చెవి ఉంటుంది. ఒక్కో చెవిలో వినికిడికి రెండే రెండు నాడీకణాలు. అమెరికాలో కెన్నెత్ రోడర్ ఈ జాతి పురుగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఆ రెండు కణాలతోనే కథంతా ఎలా నడుస్తుందో చూపించాడు. అరుపు దూరంగా, సన్నగా వినిపిస్తే పురుగు దారి మళ్ళుతుంది. దగ్గరగా, గట్టిగా వినిపిస్తే రెక్కలు ముడుచుకుని కింద పడిపోతుంది.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడొచ్చు. మోటారు కొట్టం ముందు బల్బు చుట్టూ పురుగులు మూగిన ఒక సాయంత్రం తాళాల గుత్తి తీసి గట్టిగా గలగలలాడించాను. కొన్ని టపటపా నేలన పడ్డాయి. ఒకటి గిర్రున మెలితిరిగి చీకట్లోకి పోయింది. పక్కనున్న కౌలురైతు వంగి చూశాడు.

"ఏందబ్బాయ్, మంత్రమేసినట్టు పడ్డయ్?"

"వాటికి చెవులున్నయ్ బాబాయ్. తాళాల గలగలలో మనకు వినపడని కీచు ఉంటది. గబ్బిలం వచ్చిందనుకున్నయ్."

"చెవులా? ముప్పై ఏళ్ళ నుంచీ వీటికి మందు కొడుతున్నా. చెవులున్నయ్యని ఒక్కళ్ళూ చెప్పలా."

ఆయన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విపరీతంగా వాడారు. తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. ఆంధ్రప్రదేశ్ పురుగుల్లో ఆ నిరోధకతను మెక్‌కాఫ్రీ, ఆయన సహచరులు 1989లో పరిశోధనా పత్రంగా అచ్చువేశారు. ఆలోపే అప్పుల్లో కూరుకుపోయిన పత్తి రైతులు ఈ నేల మీద ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపడానికి రైతు చేతికి ఎన్ని డబ్బాలైనా అందాయి. పురుగును రాత్రిపూట ఎవరు తింటున్నారన్న కబురు మాత్రం అందలేదు.

టెక్సస్‌లో ఆ లెక్క కట్టారు. అక్కడి గుహల నుంచి లక్షల గబ్బిలాలు బయల్దేరి, మన శనగపచ్చ పురుగుకు దగ్గరి చుట్టమైన పురుగును పత్తి చేల మీద తింటాయి. దక్షిణ మధ్య టెక్సస్‌లో ఎనిమిది కౌంటీల పత్తికి గబ్బిలాల వల్ల కలిగే మేలు ఏడాదికి సుమారు 7,41,000 డాలర్లని 2006లో క్లీవ్‌లాండ్ బృందం అంచనా వేసింది. ఆ అంకెను తెచ్చి మన పర్చూరు చేలకు అతికించడం సరికాదు. అన్నేసి గబ్బిలాలుండే గుహలు మన చుట్టుపక్కల లేవు, మన గబ్బిలాల జాతులు వేరు. పైగా తెల్లదోమను, 2021లో మిరపను నాశనం చేసిన నల్ల తామర పురుగును అదుపు చేయడం గబ్బిలం పని కాదు. జపాన్‌లో ర్యో నకానో బృందం గబ్బిలం అరుపును పోలిన అతిధ్వనితో తల్లి పురుగులను పంట మీదికి రాకుండా ఆపగలమని ప్రయోగాలతో చూపించింది. అది చదివి సంతోషించాను. అలాగని ఎవరో "సౌండ్ మిషను" పట్టుకొచ్చి అమ్మితే కొనొద్దు. ఏ పురుగుకు ఏ అరుపు, ఎంత విరామంతో అన్నది తేలకుండా చేసే చప్పుడుకు డబ్బు తగలేయొద్దు.

చేయాల్సింది లెక్క. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు దక్షిణాది గబ్బిలాల అరుపులను జాతివారీగా రికార్డు చేస్తూ వస్తున్నారు. ఏ కూత ఏ గబ్బిలానిదో చెప్పగల విద్య మన తెలుగువాళ్ళ దగ్గరే ఉంది. లాం పరిశోధనా కేంద్రం, బాపట్ల వ్యవసాయ కళాశాల ఆ విద్యను చేలోకి తేవాలి. అతిధ్వనిని పట్టే చిన్న రికార్డర్లను రెండు రకాల చేలల్లో, మందు ఎక్కువ కొట్టే చోటా తక్కువ కొట్టే చోటా, ఒక సీజనంతా కట్టి ఉంచాలి. పక్కనే లింగాకర్షక బుట్టల్లో పడిన పురుగుల లెక్క రాయాలి. ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి చేయగల పని ఇది.

గబ్బిలాలు ఉండే చోట్లు తరిగిపోకముందే ఇది జరగాలి. వినుకొండ ప్రాంతంలో పుట్టిన కవి గుర్రం జాషువా 1941లో అస్పృశ్యుడి గోడు శివుడికి మోసుకుపోయే దూతగా గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. ఆ మనిషిని రానివ్వని గుడిలోకి దానికి ప్రవేశం ఉంది. ఇప్పుడు పాత గుళ్ళు బాగుచేసేటప్పుడు రాళ్ళ సందులన్నీ సిమెంటుతో పూడుస్తున్నారు. గుట్టలేమో కంకరకూ గ్రానైటుకూ పోతున్నాయి. కర్ణాటకలో కోలారు గబ్బిలం హనుమనహళ్ళి గుహను పట్టుకుని బతుకుతోంది, దానికి వచ్చిన ముప్పు కూడా గ్రానైటు తవ్వకాలే.

పండు తినే గబ్బిలాలను వన్యప్రాణి చట్టం చాలా ఏళ్ళు హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. మీ ఊరి గుట్టకు క్వారీ అడుగుతూ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, అక్కడ గబ్బిలాల గుహ ఉంటే, లేచి నిలబడి ఆ మాట చెప్పండి. మినిట్స్‌లో రాయించండి.