బొటనవేలు చెప్పే తీర్పు

బొర్రా గుహల దగ్గర కొండల్లో పుట్టిన గోస్తనీ నది తాటిపూడి మీదుగా కిందికి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలవడానికి కాస్త ముందు దాని ఒడ్డున చిట్టివలస. స్కాట్లాండులో ఏటి పక్కన మిల్లు, మిల్లు చుట్టూ ఊరు పెరిగినట్టే ఇక్కడా జూట్ మిల్లును పట్టుకుని ఒక ఊరు పెరిగింది. అలాంటి ఊళ్ల కథను యజమానులతో, ఆవిరి యంత్రాలతో మొదలుపెట్టడం అలవాటు. నేను మాత్రం చెరువులో నడుంలోతు నీళ్లలో నిలబడి గోగు కట్ట విప్పుతున్న మనిషి దగ్గర మొదలుపెడతాను. మిల్లులో ఎంత ఇనుము ఉన్నా, సంచి గట్టిదో కాదో సగం తేలిపోయేది ఆ నీళ్లలోనే.

గోగు మన గోంగూర కుటుంబపు మొక్కే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నార కోసం వేసేవాళ్లు తొలకరికి విత్తనం ఒత్తుగా చల్లుతారు. ఎడం ఇస్తే మొక్క కొమ్మలు వేస్తుంది, కొమ్మ వేసిన చోట నార సాగదు. ఒత్తుగా ఉంటే వెలుతురు కోసం నిటారుగా, మనిషి ఎత్తు దాటి పోతుంది. చేనులో సగం పూత విచ్చేసరికి కోత. ముందే కోస్తే నార మెత్తగా ఉంటుంది, తూకం తగ్గుతుంది. కాయ ముదిరేదాకా ఆగితే తూకం వస్తుంది, నార ముతకబారుతుంది. రైతు మొదటి తీర్పు ఇక్కడ.

అసలు పనితనం ఊరవేయడంలో ఉంది. కోసిన గోగును కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేనులోనే ఉంచుతారు. తర్వాత కట్టలను నీళ్లలో ముందు నిలబెడతారు. మొదలు చివరకంటే లావు, ఊరడానికి ఎక్కువ సమయం కావాలి కాబట్టి దానికి కొన్ని రోజులు ముందుగా నీళ్లు అందుతాయి. ఆ పైన పడుకోబెట్టి, కట్టలు పూర్తిగా మునిగేలా బరువు పెడతారు. బరువుకు మట్టిగడ్డలో అరటి బోదెలో వేస్తే నార నల్లబడుతుంది, తెలిసినవాళ్లు రాళ్లో దుంగలో వాడతారు. నీళ్లు తేటగా, కొద్దిగా కదులుతూ ఉంటే నారకు మెరుపు వస్తుంది. నీటిలోని సూక్ష్మజీవులు నారను పుల్లకు అంటిపెట్టుకున్న జిగురును తినేస్తాయి. అవి ఆ జిగురుతో ఆగవు, వదిలేస్తే నారను కూడా తింటాయి. పది రోజులు దాటాక ఏ రోజైనా ఆ గడువు రావచ్చు. నీటి వేడిని బట్టి, కాండం ముదురును బట్టి అది మారుతుంది, పంచాంగంలో దొరకదు. మొదలు దగ్గర బొటనవేలితో నొక్కితే నార పుల్ల మీద నుంచి జారాలి. జారకపోతే నారలో బెరడు మిగిలిపోతుంది. మరీ సులువుగా జారి చేతిలో తెగితే రెండు రోజులు ఆలస్యమైనట్టే. ఇంత పెద్ద పరిశ్రమకు పునాది ఒక బొటనవేలి స్పర్శ మీద ఉండటం నాకు గొప్ప విషయంగా అనిపిస్తుంది.

ఈ తెలివి మిల్లు తెచ్చింది కాదు. పైన కొండల్లో గదబ స్త్రీలు కెరంగు మొక్క నారను తీసి, చేత్తో వడికి, రంగులద్ది, చిన్న మగ్గం మీద చారల బట్ట నేసుకునేవారు. చెట్టు పట్టలో నార ఎక్కడుందో, ఎప్పుడు వదులుతుందో వాళ్ల చేతులకు తెలుసు. భీమునిపట్నం (భీమిలి) రేవు నుంచి కొండ కరక్కాయలతోపాటు గోగునార కూడా ఓడలెక్కింది. లోకపు నార బజారులో దాని పేరే బిమ్లీ.

ఇక యంత్రాల సంగతి. స్కాట్లాండులోని డండీ అప్పట్లో తిమింగలాల వేట ఊరు. బెంగాల్ జనపనార పెళుసుగా ఉండి యంత్రాల్లో విరిగిపోతుంటే, 1830ల్లో అక్కడివాళ్లు తిమింగలం నూనెతో, నీటితో తడిపి దాన్ని లొంగదీశారు. తర్వాత నూనె మారింది, పద్ధతి నిలిచింది. నేటికీ జూట్ మిల్లులో మొదటి పని బాచింగే. నార మీద నూనె నీళ్లు చల్లి, గాడి రోలర్ల మధ్య నలిపి, కుప్పగా పేరుస్తారు. కుప్ప తనంతట తానే వేడెక్కి మెత్తబడుతుంది. గట్టి మొదళ్లు కోసేస్తారు. కార్డింగ్ యంత్రం పళ్లు నారను చీల్చి దువ్వుతాయి, డ్రాయింగ్‌లో పట్టీలను కలిపి సాగదీసి సమం చేస్తారు, చివర పురి తిప్పి నూలు చేస్తారు. గోగునార జనపనార కన్నా బిరుసు, అందుకని దాంట్లో జనపనార కలుపుతారు. ఎంత కలిపితే దారం తెగకుండా నడుస్తుందో చూడటం మరొక విద్య. 14,400 గజాల నూలు 8 పౌండ్లు తూగితే అది ఎనిమిది పౌండ్ల నూలు. స్కాట్లాండు నుంచి వచ్చిన ఈ కొలతే మన జూట్ మిల్లుల్లోనూ సాగింది.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో కనిపించే బి-ట్విల్ సంచి బరువు 580 గ్రాములు, మోసేది 50 కిలోలు. నేతలో ఏటవాలుగా సాగే గీతలను చూడండి. పడుగు, పేక అలా అడుగు జరుపుకుంటూ కలవడం వల్ల బట్ట దట్టంగా పడుతుంది. కొక్కెం గుచ్చి లాగితే పోగులు పక్కకు జరిగి మళ్లీ సర్దుకుంటాయి. నిట్టు పేరిస్తే జారదు, లోపలి గింజకు గాలి ఆడుతుంది. ఆహారధాన్యాలకు గోనె సంచులే వాడాలన్న చట్టం 1987లో వచ్చింది.

డండీలో చివరి జూట్ మిల్లు 1999లో మూతపడింది. చిట్టివలసలో 2009లో లాకౌట్ పడింది, వేలమంది పని పోయింది. అన్నాళ్లు ఆ ఊరికి బువ్వ పెట్టిన పనితనాన్ని పక్కన పెట్టేయడం నాకు తీరని బాధ. గోగు రైతుల్లో చాలామంది మొక్కజొన్నకు మారిపోయారు. ధర ఒక కారణం, ఊరవేయడానికి నీళ్లు చాలకపోవడం ఇంకొకటి. ఆమదాలవలస పరిశోధన కేంద్రం గోగు రకాలనైతే ఇచ్చింది, చెరువు నింపడం విత్తనం చేతిలో లేదు. నీళ్లు తక్కువున్న చోట పచ్చి కాండం నుంచే పట్ట ఒలిచి, ఆ పట్టను మాత్రమే ఊరవేసే పద్ధతి ఉంది. నీళ్లు తక్కువ పడతాయి, రోజులూ తగ్గుతాయి. ఒలిచిన పట్ట తొందరగా ఊరిపోతుంది కాబట్టి, చెరువు గట్టుకు రోజూ పొద్దునా సాయంత్రం వెళ్లి నొక్కి చూసుకోవాలి.