హెర్మీసు గ్రంథములు – ప్రాచీనత్వవిచారము

గ్రీకు తత్త్వజ్ఞుఁడగు ప్లొటైనసు బోధయు, ఈజిప్టు ఋషి యనఁబడు హెర్మీసు పేరిటి గ్రంథములును, మన యుపనిషత్తులును ఒకే యాదివిద్యకు శాఖలని కొందఱు వాదింతురు. దివ్యజ్ఞానసమాజ స్థాపకులగు బ్లావట్‌స్కీ, ఆల్కాటులు 1882లోఁ గాలువ వెంటఁ బడవలో నెల్లూరునకును, పిదప గుంటూరునకును వచ్చిరి. వారి సమాజముద్వారా ఈ వాదము తెలుఁగునాటఁ బరిచితమైనది. ఇది మనసున కింపైనదే. కాని యింపైన దంతయు సిద్ధాంతము కానేరదు.

ప్లొటైనసు అలెగ్జాండ్రియాలో అమ్మోనియసునొద్ద 11 ఏండ్లు చదివి, పారసీక భారతీయ తత్త్వముల నెఱుఁగఁగోరి 243 ప్రాంతమున గోర్డియను చక్రవర్తి సేనతో బయలుదేఱెను. 244లోఁ జక్రవర్తి మరణింపఁగా అంటియోకునకుఁ బాఱి, పిదప రోముఁ జేరెను. ఇది శిష్యుఁడగు పోర్ఫిరీ వ్రాసిన వృత్తాంతము. ఇందు జిజ్ఞాస సిద్ధము, భారతాగమనము అసిద్ధము. అద్వితీయతత్త్వమును ఉభయులుఁ జెప్పినంతమాత్రమున ఒకరికొకరు ఋణపడిరనుట హేత్వాభాసము.

వైయాకరణుని యాకర్షించునది వేఱొకటి కలదు. ప్లొటైనసు ధ్యానమును ప్రధానముగాఁ గైకొనెను. తరువాతివాఁడగు ఇయాంబ్లికసు కర్మకుఁ బ్రాధాన్యమిచ్చి, దేవతానామములను భాషాంతరీకరించినచో శక్తి నశించునని చెప్పెను. హెర్మీసు గ్రంథములలో 16వదియు, ఈజిప్టు పదముల ధ్వనియందే శక్తి కలదనియు, దానిని గ్రీకునఁ బెట్టరాదనియుఁ బలుకును. స్వరదోషముచే ‘ఇంద్రశత్రు’ శబ్దము త్వష్టకు విపరీతఫల మిచ్చిన కథ నెఱిఁగిన మహాభాష్యాధ్యేతల కీమాట క్రొత్త గాదు. కోనసీమ యగ్రహారములలో ఘనాపాఠి శిష్యుని స్వరమును మరల మరల దిద్దుటయు నీ విశ్వాసముతోడనే. కాని వింత యేమన, గ్రీకును నిషేధించు నా గ్రంథము మనకు లభించినది గ్రీకుననే!

1463లో ఫిచినో వీనిని లాటినులోనికి మార్చినపుడు ఇవి మోషే కాలమునకుఁ జేరువవని నమ్మిరి. 1614లో కాజోబను పదప్రయోగములను బరీక్షించి, ఇవి క్రీస్తునకుఁ దరువాతివని తేల్చెను. 1945లో నాగ్ హమ్మాదియందుఁ గోప్టికు భాషలో నీ సంప్రదాయపు గ్రంథములు కొన్ని దొరకుటచే ఈజిప్టు సంబంధము బలపడినదిగాని, ఆ యాదికాలపుఁ బ్రాచీనత్వము మరలి రాలేదు.

మనకును ఇట్టి గ్రంథ మొకటి కలదు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమనియు, భీమకవి దానిని గోదావరిలోఁ గలిపెననియు, సిద్ధుఁడైన సారంగధరుఁడు మతంగగిరియందు దానిని బాలసరస్వతి కిచ్చెననియు 1656 నాఁటి అప్పకవీయము చెప్పును. నన్నయ 11వ శతాబ్దివాఁడు. 13వ శతాబ్దియందలి కేతన, తనకు ముందు తెలుఁగునకు లక్షణము లేదనియే చెప్పియున్నాఁడు. అయినను మన పాఠశాలలలోఁ గథయే చరిత్రగాఁ జెప్పఁబడుచు వచ్చినది.

కాజోబను పరీక్ష హెర్మీసునకు న్యాయమైనచోఁ జింతామణికిని న్యాయమే. నన్నయ పేరు తొలఁగినంతమాత్రమున సూత్రము చెడదు. వయస్సు తగ్గినంతమాత్రమున హెర్మీసు వాక్యమును వ్యర్థము గాదు. పరుల గ్రంథమునకు వ్యాకరణమును సాక్షిగాఁ బిలిచి, మన గ్రంథమువద్ద దాని నోరు మూయుట మాత్రము వైయాకరణధర్మము గాదు.