ఒరిగిన చక్రాన్ని నిలబెట్టే చేతిపని

కారును కిందికి దించడం ఎవరైనా చేస్తారు. నాలుగు పొట్టి స్ప్రింగులు కొని ఒక పూటలో బిగించేయొచ్చు. దించాక ముందు చక్రాలు ఏ కోణంలో ఒరిగాయో చూసి, వాటిని మళ్లీ రోడ్డు మీద సరిగ్గా నిలబెట్టడానికే పనివాడు కావాలి. ఆ పనికి పుట్టిల్లు జపాన్ అని నా నమ్మకం. అందులోనూ 1987 నుంచి 2000 దాకా వచ్చిన హోండా సివిక్‌లు, వాటి తోబుట్టువు ఇంటెగ్రా. నిస్సాన్ అభిమానులు ఒప్పుకోరు. వాళ్లతో ఎన్ని రాత్రులైనా వాదించడానికి నేను సిద్ధం.

కారుకు ఎదురుగా నిలబడి చూడండి. చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే అది మైనస్ కేంబర్, బయటికి వాలి ఉంటే ప్లస్. ఈ సివిక్‌లలో ముందు చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. దీన్నే డబుల్ విష్‌బోన్ అంటారు. పై ఆర్మ్ పొట్టిది, కింది ఆర్మ్ పొడుగుది. చక్రం పైకి లేచేకొద్దీ పొట్టి ఆర్మ్ చక్రం తలను లోపలికి లాక్కుంటుంది. మలుపులో బండి బయటికి ఒరుగుతుంది కదా, అప్పుడు బరువంతా మోసే బయటివైపు టైరు నేలను వదలకుండా ఉండాలని ఇంజనీర్లు కావాలని పెట్టిన ఏర్పాటు ఇది. ఎంత ముచ్చటైన ఏర్పాటో! పై ఆర్మ్ లేని మామూలు స్ట్రట్ సస్పెన్షన్‌లో ఈ లాభం తక్కువ. కింది ఆర్మ్ అడ్డంగా ఉండే స్థాయిని దాటి దించితే అది పూర్తిగా ఎదురు తిరుగుతుంది కూడా.

కారును దించామంటే చక్రం ఎప్పుడూ పైకి లేచిన స్థితిలోనే ఉండిపోయినట్టు. 50 మిల్లీమీటర్లు దించిన సివిక్‌లో ముందు కేంబర్ దాదాపు మైనస్ 2 డిగ్రీలకు పోతుంది. కంపెనీ చెప్పిన కొలత సున్నా. దాన్ని వెనక్కి తేవడానికి కంపెనీ ముందువైపు ఎలాంటి సర్దుబాటూ ఇవ్వలేదు. విడిగా కొనే పై ఆర్మ్‌ల అవసరం ఇక్కడే వచ్చింది. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో ఆర్మ్‌ను చక్రంవైపు కలిపే బాల్ జాయింట్ ఒక ప్లేటు మీద కూర్చుని, పొడవాటి గాడుల్లో లోపలికీ బయటికీ జరుగుతుంది. ఇంకోదాంట్లో ఆర్మ్ పొడవే మరలతో పెరుగుతుంది, తగ్గుతుంది. బాల్ జాయింట్‌ను బయటికి జరిపితే చక్రం నిటారవుతుంది, లోపలికి జరిపితే వాలుతుంది. చెప్పడానికి అంతే.

చేయడం చూడాలి. తెలిసినవాడు ముందు స్ప్రింగు తీసేసి, కొత్త ఆర్మ్ బిగించి, జాకీతో చక్రాన్ని చివరిదాకా పైకి లేపి చూస్తాడు. ఎందుకంటే బాగా దించిన బండిలో గుంత పడితే పై ఆర్మ్ బాడీకి కొట్టుకుంటుంది. ఎక్కడ తగులుతుందో వేలు పెట్టి తడిమి చూసుకున్నాకే స్ప్రింగు మళ్లీ ఎక్కిస్తాడు. తర్వాత అసలు ఓపిక పరీక్ష. ఆర్మ్ లోపలి కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాల్లో వేలాడుతుండగా బిగించడు. చక్రాలు నేల మీదికి దిగి, బండి తన బరువు మీద కూర్చున్నాకే బిగిస్తాడు. లేకపోతే రబ్బరు మెలి పడి ఉండిపోతుంది, నెలల్లో చిరుగుతుంది. బాల్ జాయింట్ నట్టుకు స్ప్లిట్ పిన్ను కొత్తది వేస్తాడు, పాతది వంచి మళ్లీ దూర్చడు. నాకు తెలిసిన మంచి మెకానిక్ ఒకాయన పాత పిన్నులను అక్కడికక్కడే విరిచి డబ్బాలో పడేస్తాడు. కుర్రాళ్లెవరూ పొరపాటున తీసి వాడకుండా.

కొలతకు లేజర్ యంత్రం ఉంటే మంచిదే. లేకపోయినా చదునైన నేల, తాపీ మేస్త్రి గోడ నిలువు చూసే గుండు దారం చాలు. 15 అంగుళాల రిమ్ము పక్కన దారం వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దారం నుంచి దూరాలు కొలవండి. రెండింటి మధ్య తేడా ఆరున్నర మిల్లీమీటర్లు దాటితే ఒక డిగ్రీ. ఈ లెక్క నోటికి వచ్చిన పనివాణ్ణి చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

కేంబర్ కుదిరాక టో చూడాలి, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో. ఆ వరస తప్పకూడదు, కేంబర్ కదిలితే టో కదులుతుంది. టైర్లు తినేస్తోందని కేంబర్‌ను తిట్టేవాళ్లు చాలామంది టో సంగతి మర్చిపోతారు. చక్రం ముందు అంచుకూ వెనక అంచుకూ 2 మిల్లీమీటర్ల తేడా ఉంటే, 600 మిల్లీమీటర్ల టైరు ప్రతి కిలోమీటరుకూ మూడు మీటర్లకు పైగా అడ్డంగా గీసుకుంటూ పోతుంది. అసలు దొంగ అదీ.

ఇక ఎన్ని డిగ్రీలు? ఊళ్లో తిరిగే బండికి మైనస్ 1, ఒకటిన్నర చాలు. ట్రాక్ మీద రెండున్నర నుంచి మూడున్నర దాకా పెడతారు. సివిక్‌లో చిక్కేమిటంటే, బండిని లాగేదీ ముందు చక్రాలే, తిప్పేదీ ముందు చక్రాలే. మలుపుకు వాలు కావాలి, నేరుగా దూకడానికి నిటారు కావాలి. ఈ రెండింటి మధ్య బిందువును పట్టుకోవడంలోనే విద్య అంతా ఉంది. ట్రాక్ నుంచి రాగానే టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు మూడు చోట్ల వేడి కొలుస్తారు. లోపలివైపు కాస్త ఎక్కువ వేడి ఉంటే సరే. బయటి అంచు కాలిపోతుంటే వాలు చాలలేదని అర్థం.

ఈ విద్యను నమ్ముకున్నవాళ్ల సంగతీ చెప్పాలి. హోండా బళ్లకు పదునుపెట్టే స్పూన్ స్పోర్ట్స్‌ను 1988లో స్థాపించిన తత్సురు ఇచిషిమా హోండాలకే జీవితాన్ని అంకితం చేసిన మనిషి. టోక్యో ఒగికుబోలోని టైప్ వన్ వర్క్‌షాప్ స్పూన్ వాళ్లదే. ఆయన ఆర్భాటం నమ్ముకోలేదు, బండి సమతూకాన్ని నమ్ముకున్నాడు. ఇక రేసర్ కేయిచి త్సుచియా. ఆయనకు పేరు తెచ్చింది స్ట్రట్‌లున్న టొయోటా ఏఈ86 అని నిస్సాన్, టొయోటా మిత్రులు గుర్తుచేస్తుంటారు. నిజమే. కానీ 1995 ల మాన్స్ రేసులో కునిమిత్సు తకహాషి, అకిరా ఇయిదాలతో కలిసి ఆయన జీటీ2 తరగతి గెలిచింది హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ మీద. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ ఉన్న బండి అది! ఆ తకహాషి 1961లోనే పశ్చిమ జర్మనీలో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన తొలి జపనీయుడు. త్సుచియా డ్రిఫ్టింగ్ నేర్చింది తకహాషి బండి నడిపే తీరు చూసేనంటారు.

2000లో హోండా సివిక్ ముందువైపు డబుల్ విష్‌బోన్ తీసేసి స్ట్రట్ పెట్టింది. చోటు మిగిలిందన్నారు, ఖర్చు తగ్గిందన్నారు. నాకు మాత్రం ఆ గాయం ఇంకా మానలేదు. 2006లో మన దేశానికి వచ్చిన సివిక్ కూడా స్ట్రట్‌దే. మనకు మిగిలింది 2001 నుంచి ఇక్కడ అమ్మిన పాత అకార్డ్‌లు. వాటి ముందు డబుల్ విష్‌బోన్ ఉండేది. హైదరాబాద్‌లో అవి ఇంకా కనిపిస్తాయి, కనిపిస్తే ఆగి చూస్తాను.

ఈ మధ్య మా మిత్రుడొకడు అలాంటి అకార్డ్ కొని దించాడు. ఒక అమ్మకందారు దగ్గర పేరున్న కంపెనీ రంగూ అక్షరాలూ అచ్చు దింపిన నకిలీ ఆర్మ్‌లు తీసుకున్నాడు, అసలు ధరలో నాలుగో వంతుకే. ఒక గుంతలో దెబ్బ తగిలేసరికి ఎడమవైపు ప్లేటు గాడిలో జారిపోయింది. చక్రం తల లోపలికి పడింది, బండి కుడికి లాగడం మొదలెట్టింది. విప్పి చూస్తే ప్లేటు మీద పట్టు కోసం ఉండాల్సిన పళ్లు లేవు, నున్నటి ఇనుము. బాల్ జాయింట్ రబ్బరు తొడుగు అప్పుడే చిరిగి గ్రీజు కారుతోంది. ఇంకొన్నాళ్లు పోయుంటే ఆ జాయింట్ ఊడి, చక్రం పక్కకు పడిపోయేది. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే బండి అది. ఇలాంటి ఇనుము అమ్మేవాళ్ల మీద నాకు దయ లేదు.

ఇంకో జాడ్యం చక్రాలను పది డిగ్రీలకు పైగా వాల్చి, దాన్నే అందమనడం. జపాన్‌లో దాన్ని ఒనిక్యాన్ అంటారు, రాక్షస కేంబర్ అన్నమాట. టైరు లోపలి అంచు మీద నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే నేలను తాకుతుంది. వాన పడిన రోడ్డు మీద బ్రేకు తొక్కితే ఆ నాలుగు వేళ్లే మీకు దిక్కు. ఇచిషిమా లాంటివాళ్లు ఏళ్ల తరబడి టైరును నేలకు అతికించడానికి కష్టపడ్డారు, వీళ్లు దాన్ని నేల నుంచి ఊడబీకడానికి అవే ఆర్మ్‌లు కొంటున్నారు. కడుపు రగిలిపోతుంది.

మన కుర్రాళ్లను నేను వేడుకునేది ఇంతే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఏం అనుమతిస్తుందో ముందు తెలుసుకోండి. కొత్త నకిలీ కొనే డబ్బుతో పాత అసలు ఆర్మ్ వెతకండి, బాల్ జాయింట్ విడిగా దొరికే రకమైతే దాన్ని మార్పించండి. అలైన్‌మెంట్ చేసినాయన దగ్గర ముందు కొలత, తర్వాతి కొలత రెండూ కాగితం మీద అడిగి తీసుకోండి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి ప్రతి బోల్టూ బిగువు చూపించుకోండి. ఆ రెండో రాకకు విసుక్కోకుండా పానా తీసుకుని బండి కిందికి దూరే మెకానిక్ దొరికితే, ఆయన్ని వదులుకోకండి, అడిగినంత ఇవ్వండి.