పాఠము లేని పాత్ర

2022వ సంవత్సరమున నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన ‘మర్డర్‌విల్’ ఆరు భాగముల హాస్యప్రధానమైన అపరాధ పరిశోధన. డిటెక్టివు టెర్రీ సియాటిల్‌గా విల్ ఆర్నెట్ నటించెను. ప్రతి భాగమునకును అతనికి తోడుగా ఒక ప్రముఖ అతిథి వచ్చును. కథ తక్కినవారికి తెలియును. అతిథికి మాత్రము తెలియదు. తుదకు హంతకులెవరో అతిథియే తేల్చవలెను.

నటులు నవ్వాపుకొనలేకపోవుటను కొందరు ప్రేక్షకులు దోషముగా నెంచిరి. మరికొందరికి అదియే ఆనందము. అతిథులలో హాస్యనటులున్నను, అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మార్షాన్ లించ్ పలువురి మెప్పు పొందుటలో వింత లేదు. అతడు తోచినది తోచినట్లు పలికెను. మన అవధానములలో అప్రస్తుత ప్రసంగమునకు సభ చెవియొగ్గునది, ముందు కూర్చుకొనని అట్టి మాట కొరకే గదా!

తడబాటు నిజమైనంతవరకు నవ్వు దోషము కాదు. నటించిన తడబాటే దోషము.