పలుగూ పారా పట్టినవాడి డైరీ

వేసవి వచ్చిందంటే మన సంచికకు ప్రయాణ వ్యాసాలు వచ్చిపడతాయి. ఎన్ని మైళ్ళు కారు నడిపిందీ, ఏ సరస్సు గట్టున పులిహోర పొట్లాలు విప్పిందీ అన్నీ వుంటాయి. ఆ నాలుగు రోజుల సెలవు కోసం అంతకు ముందు వరసగా ఎన్ని రాత్రులు డ్యూటీ చేశారో మాత్రం వుండదు. ఒక ఐరిష్ కూలీ రాసుకున్న డైరీ చదివాక యీ లోటు నాకు మరీ కొట్టొచ్చినట్టు కనబడింది.

డోనల్ మకౌలీ 1926లో గాల్వే దగ్గర పుట్టాడు. కొన్నాళ్ళు సైన్యంలో చేసి, ఆ పైన బతుకుతెరువు కోసం 1951లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ చేరాడు. మొదట ఆస్పత్రిలో వుద్యోగం (డాక్టరుగా కాదు సుమండీ, చిల్లర పనులకు), తరువాత ‘నేవీ’. నౌకాదళం అనుకునేరు! పూర్వం ఇంగ్లండులో పడవ కాలవలు తవ్విన కూలీలను నేవిగేటర్లనేవారు. ఆ మాటే కురచై మట్టిపనివాళ్ళందరికీ పేరయింది. మన పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టినట్టే వీళ్ళు ఇంగ్లండు రోడ్లకూ, పైపులకూ, కరెంటు కేబుళ్ళకూ నేల తవ్వారు. గుంపు మేస్త్రీ వీళ్ళకూ వున్నాడు. 1950–60 మధ్య ఐర్లండు నుంచి నాలుగు లక్షల మంది వలసపోయారు. 1961 జనాభా లెక్కలనాటికి ఆ దేశంలో మిగిలింది 28 లక్షలు.

ఆరుబయట మట్టిపనికి వేసవే అదను. రాత్రి తొమ్మిదైనా వెలుతురుంటుంది, ఓవర్‌టైము దొరుకుతుంది, వానకు పోయే కూలి నిలుస్తుంది. ఒకచోట పని తీరగానే మూట సర్దుకోవాలి. కొత్త వూరు, కొత్త బస, కొత్త మేస్త్రీ. మనకు ప్రయాణమంటే పని మానడం. అతనికి ప్రయాణం పనిలోదే. అయినా డైరీలో ఏడుపు లేదు. ఒళ్ళు హూనమయ్యేలా తవ్విన రోజును గర్వంగా రాసుకుంటాడు.

వైద్యుడిగా నాకు పేచీ యీ గర్వంతోనే. ఆ తరం ఐరిష్ వాళ్ళను మా వృద్ధుల వార్డులో చూశాను. మోకాళ్ళు అరిగి, నడుములు వంగి, నొప్పి వుందా అంటే అబ్బే, ఏమీ లేదంటారు. ఒంటి సత్తువను చూసి మురిసిపోయిన రచయిత, ఆ సత్తువ ఎవరి లాభానికి ఖర్చవుతోందని అంత గట్టిగా అడగడు. మనమూ తక్కువ తినలేదు. ముప్ఫై గంటలు నిద్రలేకుండా నిలబడ్డానని చెప్పుకునే డాక్టరు గొంతులో వినిపించేది కూడా యీ గర్వమే.

అతనికి ముందే పాట్రిక్ మగిల్ అనే మరో ఐరిష్ కూలీ 1914లో ‘చిల్డ్రన్ ఆఫ్ ది డెడ్ ఎండ్’ అనే నవల రాశాడు. అది ఇంగ్లీషులో రాసింది. పాలకుల భాషలో వాళ్ళ ముందే పెట్టిన ఫిర్యాదు అది; ఆవేశం ఎక్కువ, కొన్నిచోట్ల నాటకీయం కూడా. మకౌలీ తన ఐరిష్ భాషలోనే రాసుకున్నాడు. బస యిచ్చిన ఇంటావిడ చదవలేదు, మేస్త్రీ చదివినా తనవాడే. కాబట్టి దేనికీ సంజాయిషీ యివ్వనక్కర్లేదు. మగిల్ దగ్గర దొరకని నిబ్బరం యీ డైరీకి అక్కడినుంచే వచ్చిందని నా అభిప్రాయం. తెలుగులో రాసుకునే మనకూ ఆ స్వేచ్ఛ వుంది. వుండి కూడా మన వుద్యోగాల గురించి వూరికి రాసే వుత్తరాల్లోలాగా అంతా క్షేమమనే రాస్తున్నాం.

పుస్తకం 1960లో అచ్చయింది. అసలు పేరు ‘డియలన్ డ్యోరీ’, అంటే ప్రవాసి డైరీ. 1964లో ఇంగ్లీషు చేసిన కవి వేలెంటిన్ ఐర్మాంగర్ (తరువాత మన దేశంలో ఐర్లండు రాయబారిగా కూడా చేశాడు) ‘యాన్ ఐరిష్ నేవీ’ అన్న మాటను ముందుపెట్టి, ప్రవాసిని ఉపశీర్షికలోకి నెట్టాడు. బయటివాడికి కనిపించేది పార. రాసినవాడికి కనిపించింది వూరు విడిచి రావడం.

సగం దాటాక తాగుడూ, కొట్లాటలూ మళ్ళీ మళ్ళీ వచ్చి విసుగు పుట్టిస్తాయి. తొందరలో వున్నవారు ఆ పేజీలు దాటేయవచ్చు. సెలవుకు యింటికి వెళ్ళి, తిరిగి ఇంగ్లండు పడవెక్కే పేజీలు మాత్రం దాటవద్దు.