పావుల లెక్కలో సంస్కృతి

సాహిత్య పత్రికలో ఆట మీద విమర్శ ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. వైకుంఠపాళి పాపపుణ్యాల కథ చెబుతుంది. పులి-మేక ఆట బలవంతుడికీ గుంపుకూ మధ్య నడిచే కథ చెబుతుంది. ఏ ఆటైనా దేన్ని గెలుపంటుందో, దేన్ని ఓటమంటుందో గమనిస్తే దాని లోకదృష్టి బయటపడుతుంది. ఆ దృష్టిని పరీక్షించడం విమర్శకుడి పనే అని నా అభిప్రాయం.

నేను ఇక్కడ చర్చించేది 'థ్రూ ది ఏజెస్' అనే ఆట. దీన్ని చెక్ దేశస్థుడు వ్లాదా ఖ్వాతిల్ రూపొందించాడు. 2006లో వెలువడింది, నియమాలు సవరించుకుని 2015లో మళ్లీ వచ్చింది. నాగరికతను నిర్మించే ఆటలు అంతకు ముందూ ఉన్నాయి. ఫ్రాన్సిస్ ట్రెషమ్ 'సివిలైజేషన్' 1980లో బల్లమీద ఆడే ఆటగా వచ్చింది. సిడ్ మైయర్ కంప్యూటర్ ఆట అదే పేరుతో 1991లో వచ్చింది. ఖ్వాతిల్ సిడ్ మైయర్‌ను తన ఆటలో ఒక నాయకుడిగా కూర్చోబెట్టి ఋణం తీర్చుకున్నాడు. కాని దేశపటాన్ని మాత్రం తీసేశాడు. ఒక్కొక్కరి ముందూ ఒక పలక, కొన్ని పావులు. అందరి మధ్యా 13 కార్డుల వరుస. ప్రాచీన కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా ఇద్దరు మొదలు నలుగురి వరకు ఆడవచ్చు. చివరికి ఎవరి సంస్కృతి లెక్క ఎక్కువో వారిదే గెలుపు.

ఈ ఆటకు ప్రాణం కొరత. పసుపు పావులు జనం. పొలంలో పెట్టిన మనిషి తిండి పండిస్తాడు, గనిలో పెట్టినవాడు ఖనిజం తీస్తాడు, నాటకశాలలో పెట్టినవాడు సంస్కృతినీ సంతోషాన్నీ ఇస్తాడు. ఒకే మనిషి రెండు చోట్ల ఉండలేడు. జనం పెరిగినకొద్దీ మరొక మనిషిని తెచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ తిండి కావాలి, సంతోషపెట్టడమూ కష్టమవుతుంది. అసంతృప్తి హద్దు మీరితే తిరుగుబాటు లేచి ఆ వంతు ఉత్పత్తి మొత్తం ఆగిపోతుంది. పండించినదాన్ని నీలి పావులతో లెక్కిస్తారు. వాడకుండా పోగేసుకుంటే అవినీతి పేరిట కొంత కరిగిపోతుంది. దాచుకున్న చోటే అవినీతి పుడుతుందని ఇంత సూటిగా చెప్పిన ఆటను నేను మరొకటి చూడలేదు.

కాలం కూడా ఇందులో కొరత వస్తువే. కొత్తగా వచ్చిన కార్డు కావాలంటే మూడు పనుల ఖర్చు. ఓపిక పడితే అది జరుగుతూ జరుగుతూ ఒక్క పని ఖర్చుకే దొరుకుతుంది. ఈలోగా పక్కవాడు పట్టుకుపోవచ్చు. మన వామనగుంటల్లో గింజలన్నీ మొదటే పంచి ఉంటాయి. ఒకరి గుంటలో నిండింది మరొకరి గుంటలో తరిగినదే. ఇక్కడ మాత్రం ఎవరి పేదరికం వారి ఇంట్లోనే ఉంది. ఎదుటివాడు ఏమీ చేయకపోయినా మనం చితికిపోవచ్చు. ఈ కఠినసత్యాన్ని కళ్లకు కట్టించినందుకు నేను ఈ ఆటను మెచ్చుకుంటాను.

నాయకుల ఎంపికలో ఐరోపా చూపు దాగలేదు. మూలపెట్టెలో భారతదేశానికి దక్కినవి తాజ్‌మహల్, గాంధీ. గాంధీ కార్డు పట్టినవాడు ఎవరి మీదా దాడి చేయకూడదు, యుద్ధం ప్రకటించకూడదు. అతని మీదికి వచ్చేవారికి సైనిక వ్యయం రెట్టింపు. ఒక సిద్ధాంతాన్ని ఆట నియమంగా మార్చడంలో ఇది చక్కటి ఉదాహరణ. అయితే గాంధీని పెట్టుకున్నవాడు తన సేనను అలాగే అట్టిపెట్టుకోవచ్చు. అహింస ఇక్కడ ప్రహరీగోడ అయింది గాని మనసు మార్పు కాలేదు.

నాకు గట్టి అభ్యంతరం సంస్కృతి దగ్గర. 'సంస్కృతి కోసం యుద్ధం' అని ఒక కార్డుంది. బలం ఎక్కువున్నవాడు ఓడినవాడి సంస్కృతి పాయింట్లను తన ఖాతాలో కలుపుకుంటాడు. ధాన్యం దోచుకోవచ్చు, భాషను అలా మూటగట్టుకుని పోవడం సాధ్యమా? చరిత్ర అలా నడవలేదు. తంజావూరు నాయకరాజుల పాలన 1673లో కూలింది. ఆ తర్వాత మరాఠాలు వచ్చారు. వారిలో శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. తమిళదేశంలో మరాఠీ రాజు తెలుగు కవి అయ్యాడు. ఆ సంస్కృతి ఎవరి పలక మీదిది? ముగ్గురో నలుగురో ఆడేటప్పుడు ఈ ఆటలో ఒప్పందాలున్నాయి గాని, ఒక భాష రెండు ఇళ్లలో కాపురం చేసే వీలు ఎక్కడా లేదు. రాజ్యం లేని జనానికి ఇక్కడ పలకే లేదు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో తెలుగు మాట్లాడే మనకు ఈ లోపం వెంటనే కనబడుతుంది.

అయినా ఈ ఆట నుంచి మనం తీసుకోవలసినది ఒకటుంది. ఇందులో సంస్కృతికి రెండు లెక్కలు. ఒకటి ఇంతవరకు కూడిన మొత్తం. రెండోది వంతు వంతుకూ కొత్తగా వచ్చేది. నాటకశాలలోని మనిషిని తీసి సేనలో పెడితే రెండో లెక్క తగ్గుతుంది. మొదటిది మాత్రం చెక్కుచెదరదు. ఆటకు ముగింపు ఉంది కాబట్టి ఖ్వాతిల్‌కు అది సరిపోయింది. చివరి వంతులో పొలం గురించి ఎవరూ ఆలోచించరు.

మన మొత్తం చాలా పెద్దది. దక్షిణాంధ్ర యుగం అని సాహిత్య చరిత్రకారులు ఒక యుగానికే పేరు పెట్టారు. సరస్వతీమహల్‌లో తెలుగు తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. కాని వాటిని చదవగల పిల్లలు లేకపోతే ఆ మొత్తం బీరువాలోని లెక్కగానే మిగులుతుంది. మనలో అక్షరాలు దిద్దించగల మనిషి కర్మాగారానికి పోక తప్పదు, తిండి ముందు. ఆ మాటను ఆట నిజాయితీగా ఒప్పుకుంటుంది. అలాగని నాటకశాలలో ఒక్కణ్ణి కూడా ఉంచకపోతే రెండో లెక్క సున్నా అవుతుందనీ చూపిస్తుంది. మన ఆటకు చివరి వంతు లేదు. మన పెద్దలు ఎంత కూడబెట్టారన్న ప్రశ్నకు సభల్లో జవాబు చెబుతూనే ఉన్నాం. ఈ ఏడు ఎందరు పిల్లలు అక్షరాలు నేర్చారన్న ప్రశ్నను కూడా ఆ సభల్లోనే అడగాలి.