నక్షత్ర ప్రస్తారం, గబ్బిలపు ప్రయాణం: ‘ఎలైట్ డేంజరస్’ ఆటపై ఒక పరిశీలన

నక్షత్రాల మధ్య ప్రయాణమే వస్తువుగా గల వీడియో ఆటలను వినోద సాధనాలుగా తప్ప రచనలుగా చదివే అలవాటు తెలుగు విమర్శలో ఇంకా స్థిరపడలేదు. ఆటలో కథ ఉంటే ఆ కథను వేరుచేసి నవలవలె విశ్లేషించవచ్చు. కథ దాదాపు లేని ఆటకు ఆ పద్ధతి పనికిరాదు. ఇంగ్లండులోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసిన ‘ఎలైట్ డేంజరస్’ అటువంటిది. ఇందులో ఆటగాడు ఒంటరిగా నౌకను నడుపుతూ, ఎవరూ చూడని నక్షత్ర వ్యవస్థలను వెదుకుతూ నెలల తరబడి సాగిపోవచ్చు. ఈ అన్వేషణను ఛందశ్శాస్త్రంలోని ప్రస్తార భావనతోను, పల్నాటి కవి గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’తోను చేర్చి చూసినప్పుడు ఆ ఆట సాధించినదీ, దాని ఊహకు అందనిదీ రెండూ తేటపడతాయి.

సంఖ్య నుండి రూపం

డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ 1984లో రూపొందించిన మొదటి ‘ఎలైట్’ ఆటలో 8 గెలాక్సీలు, ఒక్కొక్క దానిలో 256 నక్షత్ర వ్యవస్థలు, మొత్తం 2,048 ఉండేవి. నాటి చిన్న కంప్యూటరు జ్ఞాపకశక్తిలో వీటి వివరాలన్నీ దాచడం సాధ్యం కాదు. కాబట్టి వివరాలను దాచలేదు. ఒక బీజసంఖ్య నుండి అవసరమైనప్పుడల్లా లెక్కకట్టి పుట్టించారు. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. గురులఘువుల సకల సంయోగాలను వరుసగా పరచడం ప్రస్తారం. వరుస సంఖ్య తెలిస్తే వృత్తరూపాన్ని రాబట్టడం నష్టం, రూపం తెలిస్తే సంఖ్యను రాబట్టడం ఉద్దిష్టం. ఇరవై అక్షరాల కృతి ఛందంలో 10,48,576 వృత్తాలు సాధ్యం. అందులో 3,55,799వది ఉత్పలమాల. ఆ ఆట చేసిన పని నష్టక్రియే.

‘ఎలైట్ డేంజరస్’ ఈ పద్ధతిని పాలపుంత అంతటికీ విస్తరించింది. ఖగోళ పట్టికలలోని నిజమైన నక్షత్రాలను వాటి స్థానాలలో ఉంచి, మిగిలిన ఖాళీని భౌతిక సూత్రాల లెక్కతో నింపి, సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలను సమకూర్చింది. 2017 ఫిబ్రవరిలో ట్రాపిస్ట్-1 నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నట్లు నాసా ప్రకటించేనాటికి, ఆటలో దాదాపు అంతే దూరాన ఏడు గ్రహాల వ్యవస్థ ఒకటి అప్పటికే పుట్టి ఉంది. నిర్మాతలు దానికే ఆ పేరు పెట్టారు. ప్రస్తారంలో ఉన్నదానిని లోకం తరువాత చూసినట్లయింది.

అయితే పది లక్షల పైచిలుకు వృత్తాలలో కవులు నడిచినవి వేళ్లమీద లెక్కించదగినవి. మిగిలినవి సాధ్యాలుగానే మిగిలాయి. ప్రస్తారం చేసిన లాక్షణికుడిని ఎవరూ కవి అనలేదు. ఆటలోని నక్షత్రరాశిని చూసి మురిసిపోయే ప్రశంసలు ఈ భేదాన్ని తరచు మరచిపోతాయి.

తిరిగి చేరవలసిన బరువు

ఆట గొప్పదనం రాశిలో లేదు, తిరుగు ప్రయాణంలో ఉంది. సూర్యునికి సుమారు 65,000 కాంతి సంవత్సరాల దూరాన పాలపుంత అవతలి అంచున ఉన్న బీగిల్ పాయింట్‌కు, ఒక్కొక్క గెంతు 50 కాంతి సంవత్సరాలనుకున్నా, 1,300 గెంతులు కావాలి. దారిలో నక్షత్రపు పైపొరకు చేరువగా నడిపి ఇంధనం పట్టుకోవాలి. శ్వేతకుబ్జాలు, న్యూట్రాన్ తారలు ఇంధనాన్ని ఇవ్వవు. సేకరించిన సమాచారాన్ని ఏదైనా స్థావరానికి చేర్చి యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్ అనే సంస్థకు అమ్మితేనే, ఆ నక్షత్రం వివరాలలో మొదట కనుగొన్నవానిగా ఆటగాడి పేరు పడుతుంది. ఈలోగా నౌక ధ్వంసమైతే సమాచారమంతా పోతుంది. ఆటగాడికి మరో నౌక దొరుకుతుంది గాని పోయిన సమాచారం దొరకదు. వెళ్లేటప్పుడు విహారంగా ఉన్నది తిరిగి వచ్చేటప్పుడు దౌత్యమవుతుంది. సందేశకావ్య లక్షణం ఈ ఆటలో ఉన్న చోటు ఇదే.

జాషువ 1895లో జన్మించిన వినుకొండ, నరసరావుపేట కేంద్రంగా 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది. ఆయన 1941లో వెలువరించిన ‘గబ్బిలం’ మేఘదూత మార్గంలో నడుస్తూనే దానిని తలకిందులు చేసింది. కాళిదాసు యక్షుడు ఏడాది శాపం అనుభవిస్తున్న ప్రేమికుడు. జాషువ నాయకుడు తంజావూరులో ఆకలితో, అంటరానితనంతో బతుకుతున్న పేరులేని మనిషి. అతనికి గుడిలో ప్రవేశం లేదు. అశుభమని లోకం చీదరించే గబ్బిలానికి ఉంది. కనుక తన మొరను శివుడికి దాని ద్వారా పంపుతాడు. ఆ గబ్బిలం ఎగిరేది ఖాళీ నేల మీద కాదు. తెలుగువారి చరిత్ర, శిథిలాలు, కీర్తి దాని దారి పొడవునా ఉంటాయి. పంపినవాడికి వాటిలో వాటా లేకున్నా వాటిని చూపిస్తూ పంపుతాడు. మొదట చూసినవాడి పేరు నిలిచే నక్షత్రాలు ఒకవైపు, వర్ణించినవాడికే పేరులేని నేల మరొకవైపు. పాఠకుడు ఇక్కడ ఆగక తప్పదు.

అనుమతి పత్రం

ఆటలోనూ నిషిద్ధ స్థలాలు ఉన్నాయి. విచిత్రమేమంటే అందులో సౌరకుటుంబమే ఒకటి. ఫెడరేషన్ నౌకాదళంలో పెటీ ఆఫీసర్ హోదా సంపాదించనిదే మనిషి పుట్టిన చోటికి ఆటగాడికి ప్రవేశం లేదు. అయితే పనులు చేస్తే హోదా వస్తుంది, హోదా వస్తే ద్వారం తెరుచుకుంటుంది. అడ్డు ఏదైనా శ్రమతో తొలగుతుందన్న నమ్మకం ఆట నియమాలలో ఇమిడి ఉంది. పుట్టుకే అడ్డుగా ఉన్న మనిషిని ఆ నియమాలు ఊహించలేదు. అంతరిక్ష నౌకను నడిపే ఆటను కులవ్యవస్థ గురించి నిలదీయడం అన్యాయమని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో కొంత న్యాయముంది. కాని ద్వారం పెట్టి, కాపలా పెట్టి, అనుమతి పత్రం పెట్టిన రచనను ఆ ద్వారం గురించి అడగడం విమర్శ పరిధిలోనిదే.

స్థావరం చేరిన ఆటగాడికి రుసుము ముడుతుంది, పేరు నమోదవుతుంది. ఆ సమాచారం కోసం ఎవరూ ఎదురుచూసి ఉండరు. ‘గబ్బిలం’లో దూత గుడిలోకి వెళ్లి, శివుడి చెవి దగ్గర వేలాడుతూ, పూజారి లేని సమయం చూసి చెప్పాలి. తంజావూరులో ఒకడు జవాబు కోసం కూర్చుని ఉంటాడు.